ఆ చెంపదెబ్బలు ఎవరికి?

ఈ సినిమా నేను మొదటిసారి చూసింది ఒక స్నేహితుడి గదిలో. గోడ మీద ప్రొజెక్టర్ వేసుకుని, ఆరుగురం నేల మీద కూర్చుని చూశాం. అందులో ఒక సీన్ ఉంది. మనుషులు లేని దీవిలో, ఇసుక దిబ్బల మీద, ఒక నావికుడు ఒక డబ్బున్నావిడ వెంటపడి కొడుతుంటాడు. ఊరికే కొట్టడు. ఒక్కో దెబ్బకీ ఒక్కో లెక్క చెప్తాడు. ఇది మీరు ఎగ్గొట్టిన పన్నులకి, ఇది స్విట్జర్లాండుకి దాటించిన డబ్బుకి, ఇది మాంసం ధర పెంచినందుకు, ఇది పేదవాడికి చోటు దొరకని ఆసుపత్రులకి. మేం పడీ పడీ నవ్వాం. అప్పటిదాకా గంటసేపు ఆవిడ నోటి దురుసు భరించి ఉన్నాం కాబట్టి ఒక్కో దెబ్బా మేమే కొట్టినంత తృప్తిగా ఉంది.

నవ్వనిది మాలో ఒక్కతే. సినిమా అయ్యాక టీ తాగుతూ నన్ను అడిగింది. "పన్నులు ఎగ్గొట్టింది ఆవిడ మొగుడు కదరా. మరి తన్నులు ఈవిడకెందుకు?"

అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను. సటైర్ అన్నాను, ప్రతీక అన్నాను. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఇదే సినిమా ఇంకో రెండుసార్లు చూశాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకి నేను ఆలస్యంగా చెప్పుకుంటున్న జవాబు.

సినిమా లీనా వెర్ట్‌ముల్లర్ 1974లో తీసింది. ఇంగ్లీషులో 'స్వెప్ట్ అవే' అంటారు. ఇటాలియన్ పేరు చాలా పొడుగు. తెలుగులో చెప్పాలంటే, 'ఆగస్టు నీలి సముద్రంలో ఒక వింత విధి తోసుకుపోయిన ఇద్దరు' అన్నట్టు ఉంటుంది. పొడుగాటి పేర్లు పెట్టడం ఆవిడకి సరదా. తెల్ల ఫ్రేము కళ్లజోడు ఎలాగో ఇదీ అలాగే, ఆవిడ గుర్తు. ఫెల్లినీ 'ఎయిట్ అండ్ హాఫ్'కి సహాయకురాలిగా పనిచేసి, తర్వాత సొంతంగా సినిమాలు తీసింది. ఉత్తమ దర్శకత్వానికి ఆస్కార్ నామినేషన్ అందుకున్న మొట్టమొదటి స్త్రీ ఆవిడే. అది 'సెవెన్ బ్యూటీస్' సినిమాకి, 1977 అవార్డుల్లో. 2019లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. 2021లో, 93 ఏళ్ల వయసులో చనిపోయింది. ఇవన్నీ చెప్పడం ఎందుకంటే, పైన చెప్పిన తన్నుల సీన్ తీసింది ఒక మగవాడైతే మనం రెండు నిమిషాల్లో తేల్చి పారేసేవాళ్లం. తీసింది ఆవిడ కాబట్టి అంత తేలిగ్గా వదలదు.

కథ చిన్నదే. మధ్యధరా సముద్రంలో ఒక యాట్, అంటే డబ్బున్నవాళ్ల విలాసనౌక. దాన్ని సరదాగా తిరగడానికి అద్దెకి తీసుకున్న జంటలు. వాళ్లలో రఫాయెల్లా ఒకతి. ఉత్తరాది, మిలన్ సంపన్నురాలు. రోజంతా ఎండలో పడుకుని, పేకాడుతూ, రాజకీయాలు మాట్లాడుతుంది. కమ్యూనిస్టుల్ని తిట్టడం ఆవిడకి వ్యాయామం. ఆ నౌకలో పనిచేసే జెన్నరీనో దక్షిణాదివాడు, సిసిలీ యాస మాట్లాడతాడు, కమ్యూనిస్టు. ఆవిడకి స్పగెట్టీ మెత్తబడిపోయిందని కోపం. కాఫీ మళ్లీ వేడి చేసి తెచ్చాడని కోపం. అతని బనీను చెమట కంపు కొడుతోందని, మార్చుకు రమ్మని హుకుం. అతను పళ్లు నూరుకుంటూ అన్నీ చేస్తాడు.

ఒక సాయంత్రం ఆవిడకి ఈతకి వెళ్లాలనిపిస్తుంది. పొద్దుపోయింది వద్దంటాడు. వినదు. చిన్న మోటారు పడవలో ఇద్దరూ బయల్దేరతారు. ఇంజను ఆగిపోతుంది. కొట్టుకుపోయి, చివరికి ఒక దీవిలో తేలతారు. అక్కడ చేప పట్టడం, నిప్పు చెయ్యడం అతనికి వచ్చు. ఆవిడకి ఏదీ రాదు. ఆకలేసి, అతను పట్టింది డబ్బిచ్చి కొంటానంటుంది. ఇక్కడ నీ డబ్బు చెల్లదంటాడు. కావాలంటే నా బట్టలు ఉతుకు, తింటావు అంటాడు. ఆవిడ ఉతుకుతుంది. తనని పేరు పెట్టి కాదు, 'గారు' అని పిలవమంటాడు. పిలుస్తుంది.

ఇక్కడివరకు ఇది పాత కథే. యజమాని, సేవకుడు తారుమారవడం నాటకాల్లో ఎప్పటినుంచో ఉంది. వెర్ట్‌ముల్లర్ దాంట్లో రెండు దారాలు కలిపి పేనింది. ఒకటి వర్గం, రెండోది ఆడా మగా. ఈ రెండూ వ్యతిరేక దిశల్లో లాగుతుంటాయి. డబ్బు లెక్కన ఆవిడ పైన, అతను కింద. ఆడా మగా లెక్కన అతను పైన, ఆవిడ కింద. నౌక మీద ఉన్నంతసేపు మొదటి లెక్క నడుస్తుంది. దీవి మీద అది రద్దవుతుంది. రెండోది మాత్రం మిగిలే ఉంటుంది. అసలు పేచీ అక్కడే ఉంది.

1974 ఇటలీ ఎలా ఉందో కాస్త గుర్తు చేసుకోవాలి. విడాకుల చట్టం వచ్చి నాలుగేళ్లయింది. దాన్ని రద్దు చెయ్యాలా వద్దా అని ఆ ఏడాది మే నెలలోనే ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. చర్చి ఎంత గట్టిగా ప్రచారం చేసినా 59 శాతం మంది చట్టం ఉండాల్సిందే అన్నారు. కానీ ఇంట్లో మొగుడే యజమాని అన్న చట్టం ఇంకా అలాగే ఉంది. భార్యాభర్తలు సమానమని రాసిన కుటుంబ చట్టం వచ్చింది ఆ మరుసటి ఏడాది, 1975లో. పరువు కోసం భార్యనో కూతురినో చంపితే శిక్ష తగ్గించే నిబంధన 1981 దాకా పోలేదు. మానభంగాన్ని వ్యక్తి మీద నేరంగా కాక నీతి మీద నేరంగా లెక్కవేసిన చట్టమైతే 1996 దాకా నడిచింది. ఇంకోవైపు దక్షిణాది పల్లెల్లోంచి లక్షల మంది ట్యూరిన్, మిలన్ ఫ్యాక్టరీలకి వలసపోయారు. ఉత్తరాదివాళ్ల నోట్లో దక్షిణాదివాడంటే మట్టిమనిషి అనే తిట్టు. చమురు సంక్షోభంతో ధరలు మండుతున్నాయి.

అంటే జెన్నరీనో ఒక్కో దెబ్బకీ చదివే పద్దులు గాల్లోంచి వచ్చినవి కావు. ప్రేక్షకులు ఆ రోజు పొద్దున పేపర్లో చదివి వచ్చినవే. అందుకే ఆ సీన్ అంత పేలుతుంది. అలాగే, ఆడదాని మీద చెయ్యెత్తే హక్కు తనకుందని అతను అనుకోవడం కూడా గాల్లోంచి రాలేదు. అది అతనికి ఊరిచ్చింది, చర్చి ఇచ్చింది, నిన్నమొన్నటిదాకా చట్టం కూడా ఇచ్చింది. పార్టీ సభ్యత్వం దాన్ని తీసెయ్యలేదు.

మా స్నేహితురాలి ప్రశ్నకి ఇక్కడ సగం జవాబు దొరుకుతుంది. అతని కోపం మొత్తం ఒక వ్యవస్థ మీద. కానీ వ్యవస్థకి చెంప ఉండదు. దాన్ని నడిపే మగవాళ్లు చేతికి అందరు. దీవి మీద అతనికి అందింది ఆవిడ ఒక్కతే. పన్నుల లెక్క చెప్తూ కొట్టేటప్పుడు అతను తనని తాను విప్లవకారుడనుకుంటాడు. నిజానికి అతను చేస్తున్నది ఏ తాగుబోతు మొగుడైనా బయట తిన్న అవమానానికి ఇంటికొచ్చి చేసే పనే. ఆ పనికి అతని దగ్గర కాస్త మంచి భాష ఉంది, అంతే.

మరి ఈ సంగతి సినిమాకి తెలుసా? నాకు ముఖ్యమైన ప్రశ్న ఇదే. సినిమా తెలిసే నవ్విస్తోందా, లేక మనతోపాటు తనూ నవ్వుతోందా?

అప్పట్లో చాలామంది ఫెమినిస్టు విమర్శకులు సినిమాకి ఏమీ తెలియదన్నారు. కోప్పడ్డారు. కోపం రావడం న్యాయమే. ఎందుకంటే ఆ తన్నుల సీన్ అక్కడితో ఆగదు. అతను ఆవిడని ఇసుకలో పడేసి బలాత్కారం దాకా వెళ్తాడు. ఆవిడ ప్రతిఘటన సడలడం చూసి ఆగిపోతాడు. నువ్వే ప్రేమించి, నువ్వే కాళ్లా వేళ్లా పడి అడగాలి అంటాడు. తర్వాత ఆవిడ నిజంగానే ప్రేమిస్తుంది. కాళ్లు ముద్దుపెట్టుకుంటుంది. కొడితే మనసు కరుగుతుంది, కాదన్నా లోపల అవుననే ఉంటుంది అనే మగవాడి అతి పాత కలని, పియెరో పిచ్చోనీ సంగీతంతో, ఆగస్టు ఎండతో అంత అందంగా చూపిస్తే ఎవరికి మండదు? వెర్ట్‌ముల్లర్ దీనికిచ్చిన వివరణ ఏమిటంటే, రఫాయెల్లా అంటే బూర్జువా సమాజం, కాబట్టి ఆమె మగవాడికే ప్రతినిధి అని. నాకు ఈ వివరణ ఎక్కలేదు. చెంపదెబ్బ ప్రతీకకి తగలదు. మరియాంజెలా మెలాతో ముఖం మీద పడుతుంది. ఆ ముఖం ఆడమనిషిది. నేను ఆ రాత్రి టీ తాగుతూ చెప్పింది కూడా ఇదే వివరణ కాబట్టి, నాకు కోపం కొంచెం నా మీద కూడా.

ఇక మన నవ్వు సంగతి. ఆ గదిలో మేం అంత చప్పున నవ్వడానికి కారణం ఇటలీ కాదు. ఆ నవ్వు మాకు చిన్నప్పటినుంచే అలవాటు. డబ్బున్న అమ్మాయి పొగరు, దాన్ని దించే హీరో. 'గుండమ్మ కథ'లో (1962) జమున చేత ఏఎన్నార్ తోటపని చేయించడం చూసి మూడు తరాలు నవ్వాయి. 'ఘరానా మొగుడు'లో (1992) కార్మికుడు చిరంజీవి, యజమానురాలు నగ్మా. ఈలలు ఎక్కడ పడతాయో మనకి కొట్టినపిండే. ఈ కథల్లో పొగరు ఎప్పుడూ ఆడదానికే ఉంటుంది. డబ్బు తండ్రిది. ఆ తండ్రి సాధారణంగా మంచివాడు, అల్లుణ్ని చూసి లోలోపల మురిసిపోతుంటాడు. అంటే వర్గం గురించి కోపంతో మొదలైన కథ, ఆడపిల్లని దారిలో పెట్టడంతో తీరిపోతుంది. ఫ్యాక్టరీ ఎవరిదో వాళ్లదే. అందరూ ఫోటో దిగుతారు.

వెర్ట్‌ముల్లర్ సినిమాలో నాకు నచ్చింది ఏమిటంటే, మన సినిమాల్లో శుభం కార్డు పడే చోట అక్కడ కథ ఇంకా మిగిలే ఉంటుంది. ఆవిడ లొంగింది, ప్రేమించింది, అంతా బాగుంది. అప్పుడు ఒక పడవ కనిపిస్తుంది.

దానికంటే ముందు ఒక చిన్న సీన్ గురించి చెప్పాలి. ఇద్దరూ ప్రేమలో మునిగి ఉన్నప్పుడు ఆవిడ అతన్ని పడక విషయంలో ఒకటి అడుగుతుంది. దానికి ఆవిడ వాడిన పదం చదువుకున్నవాళ్ల పదం. అతనికి అర్థం కాదు. అర్థం కాలేదని ఒప్పుకోలేడు. మొహం మాడిపోతుంది, ఎగిరిపడతాడు. ఆ దీవి మీద డబ్బు చెల్లదు, నిజమే. కానీ ఆవిడ నోట్లో ఉన్న భాష చెల్లుతూనే ఉంది. దెబ్బలతో తిరగబడిందనుకున్న లెక్క ఒక్క మాటతో మళ్లీ మొదటికి వస్తుంది. ఈ ఒక్క సీన్ కోసమైనా నేను ఈ సినిమాని తీసి పారెయ్యలేను. మనలో ఎంతమంది ఇంటర్వ్యూ గదుల్లో, పెద్ద హోటళ్ల మెనూ కార్డుల ముందు ఈ మొహం వేసుకుని కూర్చున్నామో!

సరే, పడవ. రఫాయెల్లా దాక్కుంటుంది. మనం ఇక్కడే ఉండిపోదాం, అక్కడికి వెళ్తే ఏమవుతుందో తెలియదంటుంది. జెన్నరీనో మాత్రం ఊరుకోలేడు. అతనికి రుజువు కావాలి. ఇక్కడ వేరే మగవాడు లేడు కాబట్టి నన్ను ప్రేమించిందా, లేక మొత్తం ప్రపంచం ఎదురుగా ఉన్నా నన్నే ఎంచుకుంటుందా? ఆ రుజువు కోసం పడవని పిలుస్తాడు. ఇద్దరినీ తీసుకొస్తారు. ఆవిడ భర్త దగ్గరికి, అతను పెళ్లాం దగ్గరికి.

ఇక్కడ గమనించాల్సింది, ఓడిపోతామని ఆవిడకి ముందే తెలుసు. అతనికి తెలియదు. జీవితమంతా వర్గపోరాటం గురించి మాట్లాడినవాడు, తీరా తన దాకా వచ్చేసరికి ప్రేమ దాన్ని దాటేస్తుందని నమ్మాడు. ఏనాడూ మార్క్స్ మాట సహించని ఆవిడకి మాత్రం తన వర్గం తనని ఎంత గట్టిగా పట్టుకుని ఉందో స్పష్టంగా తెలుసు. సినిమాలో అసలు కమ్యూనిస్టు పాఠం ఆవిడ నోట వస్తుంది. ఈ వెటకారం దర్శకురాలికి తెలిసే చేసిందని నా నమ్మకం.

తర్వాత అతను పెట్రోలు బంకు దగ్గర ఫోను బూతులోంచి ఆవిడకి ఫోన్ చేస్తాడు. మళ్లీ ఆ దీవికే పోదాం రమ్మంటాడు. ఆవిడ ఏడుస్తుంది. కానీ రాదు. భర్తతో హెలికాప్టర్ ఎక్కి వెళ్లిపోతుంది. రేవులో నిలబడి అతను ఆకాశంలోకి చూసి తిడుతుంటాడు. డబ్బున్నవాళ్లని నమ్మకూడదని అతనికి అప్పుడు గుర్తొస్తుంది. జాంకార్లో జానీనీ కళ్లు పెద్దవి. సినిమా అంతా కోపంతో మండిన ఆ కళ్లు ఇక్కడ దిక్కుతోచని పిల్లాడివై పోతాయి.

ఇక్కడిదాకా అందరూ రాస్తారు. రెండోసారి చూసినప్పుడు నాకు కనిపించింది ఆ తర్వాతి రెండు నిమిషాలు. రేవులో ఇంకో మనిషి ఉంది. జెన్నరీనో భార్య. పల్లెటూరి మనిషి, పిల్లల తల్లి. మొగుడు చచ్చిపోయాడనుకుని తిరిగొచ్చాడని పరిగెత్తుకొచ్చినావిడ. జరిగిందంతా ఆవిడకి తెలిసిపోతుంది. నోటికొచ్చినట్టు తిట్టి, నడిచి వెళ్లిపోతుంది. అతను కాసేపు నిలబడి, ఆవిడ పెట్టె ఎత్తుకుని వెనకాలే నడుస్తాడు.

మొదటిసారి దీన్ని నేను జోకుగా చూశాను. దీవికి రాజైనవాడు పెళ్లాం పెట్టె మోస్తున్నాడు అని. ఇప్పుడు అలా కనిపించదు. సినిమాలో పేదరికమూ ఆడపుట్టుకా రెండూ ఒకే మనిషిలో కలిసినది ఈవిడ ఒక్కతే. నౌక మీద గంటల తరబడి రాజకీయం మాట్లాడినప్పుడు ఈవిడ ఊసు లేదు. దీవి మీద అతను ఆడది మగవాడికి ఎలా సేవ చెయ్యాలో రఫాయెల్లాకి ఉపన్యాసం ఇచ్చినప్పుడు, ఆ సేవ ఇన్నేళ్లూ చేస్తున్నది ఈవిడే. ఆవిడ ప్రేమకథలో లేదు, విప్లవంలో లేదు. సినిమా కూడా ఆవిడకి చివర్లో కొద్ది నిమిషాలే ఇచ్చింది. రెండుసార్లు చూశాక కూడా ఆవిడ పేరు నాకు గుర్తుండలేదు. ఆ మతిమరుపు నాదొక్కడిదే కాదు, సినిమాది కూడా అనుకుంటాను.

నా తీర్పు చెప్పాలంటే, వెర్ట్‌ముల్లర్ వర్గాన్ని రెండు కళ్లతో చూసింది. కమ్యూనిస్టుని, బూర్జువాని ఇద్దర్నీ సమానంగా ఉతికింది. ఆడా మగా సంగతి వచ్చేసరికి ఒక కన్ను మూసుకుంది. దీవి మీది ప్రేమని ఆవిడ నిజంగా నమ్మింది, మనల్నీ నమ్మమంది. ఆ భాగం అబద్ధం. కానీ చివర్లో ఆ పెట్టె మోయించి, మూసిన కన్ను సగం తెరిచింది.

2002లో గై రిచ్చీ దీన్ని మళ్లీ తీశాడు. మడోన్నా రఫాయెల్లా స్థానంలో, జానీనీ కొడుకు అద్రియానో నావికుడి పాత్రలో. రాజకీయం దాదాపు అంతా తీసేశారు. మిగిలింది ఎండ, సముద్రం, ఒక పొగరుబోతు ఆడది. ఆ ఏటి చెత్త సినిమాలకిచ్చే రజ్జీ అవార్డు దానికి వచ్చింది. పోయినందుకు నాకేం బాధ లేదు. కానీ అది ఒక సంగతి రుజువు చేసింది. ఆ పన్నుల లెక్కలు, మాంసం ధరలు పక్కన పెడితే మిగిలేది కొట్టడం ఒక్కటే. అసలు సినిమాలో మమ్మల్ని నవ్వించింది కొట్టడం కాదు, ఆ లెక్కలు. ఆ నవ్వు చాటున కొట్టడాన్ని కూడా మింగేశాం.

ఈ మధ్య మూడోసారి చూశాను, ఈసారి ఒంటరిగా, ల్యాప్‌టాప్‌లో. ఆ సీన్ వచ్చింది. మాంసం ధర దగ్గర మళ్లీ నవ్వొచ్చింది. నిజం చెప్తున్నాను, వచ్చింది. ఆపి, మా స్నేహితురాలికి మెసేజ్ పెట్టాను, నీ ప్రశ్నకి జవాబు రాస్తున్నానని. "ఇన్నాళ్లకా?" అని బదులిచ్చింది. తర్వాత కాసేపటికి ఇంకోటి పంపింది. "ఆ పెట్టె ఆవిడ పేరు కనుక్కుని రాయి."

నేనింకా కనుక్కోలేదు. ఇంకోసారి చూడాలి.